ఏడో అంశం

కొబ్బరిపాలలో ఉడికిన చేమాకు పొట్లాన్ని పొగలు కక్కుతుండగానే డబ్బాలో కుక్కి, మూత బిగించి, పాత తువ్వాలుతో ముడేశాడు కేపుయేలి. చెయ్యి అలవాటుపడిపోయింది, ముడి దానంతట అదే పడింది. ఇరవై మూడు రోజులుగా ఇదే డబ్బా, ఇదే ముడి. అందులోది భార్య కలోలైనే తినదని అతనికి తెలుసు, వార్డులో నర్సులకీ తెలుసు. అయినా ఆసుపత్రికి వట్టి చేతులతో వెళ్లే మొగుణ్ణి మా దీవుల రాజధాని నుకుఅలోఫాలో ఎవరూ మనిషికింద జమకట్టరు.

యాభై నాలుగేళ్లవాడు. పొడుగూ కాదు, పొట్టీ కాదు. లావు మాత్రం మా అందరిలాగే. ముందు జుట్టు వెనక్కి తగ్గిపోయి, ఉన్నది నెరిసి, సైన్యం కత్తిరింపులో ముళ్లలా నిలబడి ఉంటుంది. కుడి చూపుడువేలి చివర కాయ కాసింది, పూర్వం టైపు మిషను మీటలు కొట్టీ కొట్టీ. ఇక ముఖం సంగతికొస్తే చెప్పుకోదగ్గది ఒక్కటీ లేదు. రాజుగారి పుట్టినరోజు కవాతు ఫొటోల్లో ముప్పై ఒక్కేళ్లుగా ఉన్నాడు. ఏ ఫొటోలోనూ "ఇదుగో వీడు" అని ఎవరూ అతన్ని వేలుపెట్టి చూపించలేదు.

సైన్యంలో అతని పని రోజువారీ ఆర్డర్లు కొట్టడం. ఒకే ఒక్క కాగితం. మొదటి అంశం రేపటి డ్యూటీ ఆఫీసరు, రెండు కాపలా, మూడు కవాతు, నాలుగు సెలవులు, అయిదు జబ్బుపడ్డవాళ్లు, ఆరు శిక్షలు, ఏడు మరణాలు. పైన తేదీ, కింద ఆఫీసరు సంతకం. సాయంత్రం నాలుగింటికి కాపలా మారేటప్పుడు గేటు దగ్గర దాన్ని పైకి చదివి వినిపించి, ఆనక బోర్డుకి గుచ్చుతారు. ముప్పై ఒక్కేళ్లలో కేపుయేలి కొట్టిన కాగితంలో ఒక్క అక్షరం తప్పు పోయిందన్న మాట లేదు. అది ఘనకార్యమని అతనూ అనుకోలేదు, ఇంకెవరూ అనలేదు.

చర్చి గంటలు మోగకముందే బయల్దేరాడు. రోడ్డు మీద పందిపిల్లలు ఆరు, తల్లి వెంట వరసగా, కవాతు నేర్చినట్టు దాటుతుంటే ఆగి దారిచ్చాడు.

వార్డులో కలోలైనే మేలుకునే ఉంది. చక్కెర జబ్బు ఆవిడ కాలివేళ్లని ఎప్పుడో తినేసి, ఇప్పుడు మూత్రపిండాల మీద పడింది. ఒకప్పుడు తడిసిన కోట్ల మూట ఒంటిచేత్తో ఎత్తిన మనిషి ఇప్పుడు దుప్పటి కింద చిన్నపిల్లంత ఉంది. కళ్లు మాత్రం మొగుడి మెడ మీదికే పోయాయి.

"ఆ కాలరు చూడు, తడిసిన తోటకూరలా ఎలా వాలిపోయిందో! మూడు వారాలు నేను లేకపోయేసరికి సైన్యమంతా ఇలాగే ఉందా ఏమిటి?"

"అంతా ఇలాగే."

"గేటు దగ్గర వాడు, ఆ గొంతుగాడు, సామీసోనీ? వాడి కోటో?"

"వాడిది మరీ అధ్వాన్నం."

ఆవిడకి తృప్తిగా అనిపించింది. కాసేపు కళ్లు మూసుకుంది. అతను డబ్బా బల్ల మీద పెట్టి, కుర్చీలో కూర్చుని, గోడకున్న గడియారం చూశాడు. ఏడుపు రావాలి కదా అని రోజూ ఇక్కడ కూర్చుని ఎదురుచూస్తున్నాడు. అది రావడం లేదు. కాలు తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదే, అలా ఉంది లోపల.

"ఏమయ్యా, నేనడిగింది ఏం చేశావు?"

"ఏది?"

"తెలియనట్టు! కాగితం సంగతి. అడిగావా?"

"అడగలేదు."

"ఎందుకు అడగలేదు?"

"సిబ్బంది పట్టీలో ఉన్నవాళ్లకే వేస్తారు. నువ్వు రోజుకూలీ లెక్కన ఉన్నావు."

"ముప్పై ఏళ్ల రోజులు!" ఆవిడ లేవబోయి, లేవలేక, తలగడలోకి పడింది. "మీ కోట్లన్నిటికీ గంజి పెట్టానే, ఒక్కరోజు మీ కాగితంలో నా పేరుంటే మీ తుపాకులకి తుప్పు పడుతుందా? పట్టీ ఎవరు రాసుకున్నా, కాగితం కొట్టేది నువ్వేగా!"

"అడుగుతాను."

"ఈ రోజు అడుగు. ఇంకోటి. 'చనిపోయింది' అని మాత్రం కొట్టావో, లేచొచ్చి చెవి మెలేస్తాను. రాజుగారి కోటుకి గంజి పెట్టిన చెయ్యయ్యా ఇది."

"మరేం కొట్టమంటావు? 'కాలం చేశారు' అనా? దొరసానివి మరి."

"ఏం, తక్కువా?"

పక్క మంచానికి సెలైను మారుస్తున్న నర్సు కిసుక్కున నవ్వింది.

ఆ నవ్వుకి కారణం ఉంది. మా దగ్గర ఒక్కో పనికీ మూడు మాటలు. మామూలు మనిషి తింటాడు, దొర భోంచేస్తారు, రాజుగారు ఆరగిస్తారు. మామూలు మనిషి వస్తాడు, దొర దయచేస్తారు, రాజుగారు విచ్చేస్తారు. చావు దగ్గరా అంతే. మేం చనిపోతాం, దొరలు కాలం చేస్తారు, రాజుగారు అస్తమిస్తారు. ఈ మూడో మాట బతుకులో ఒకటి రెండుసార్లకి మించి ఎవరి నోటా రాదు. వచ్చిందంటే విన్నవాడు ఎక్కడున్నా సరే, చేస్తున్న పని వదిలేసి నేల మీద కూర్చోవాలి. రాజుగారి ముందు నిలబడడం మర్యాద కాదు. పోయిన రాజుగారి మాట ముందు కూడా కాదు.

సైన్యంలో ఈ మాటలతో వచ్చే చిక్కులు అన్నీ ఇన్నీ కావు. కేపుయేలి కొత్తగా చేరిన రోజుల్లో కవాతు నేర్పే సార్జెంటు దగ్గరికి ఒక దొరగారి మేనల్లుడు మామూలు సిపాయిగా వచ్చాడు. "ముందుకి నడు!" అంటే దొరని అవమానించినట్టు. "ముందుకి దయచేయండి!" అంటే సైన్యాన్ని అవమానించినట్టు. పాపం ఆ సార్జెంటు మూడు వారాలు ఈలతోనే కవాతు చేయించాడు. ఏడో అంశం దగ్గర మాత్రం కేపుయేలికి అలాంటి ఇబ్బంది ఎప్పుడూ రాలేదు. ఎవరికి ఏ మాటో అతని వేళ్లకే తెలుసు.

"రాజుగారి కోటు ఒకసారి పొరపాటున మా మూటలో వచ్చింది," అంటోంది కలోలైనే నర్సుతో, వెయ్యోసారి. "ఎవరికీ చెప్పలేదు నేను. ఉతికి, గంజి పెట్టి, మడిచి పంపేశాను. నెల తర్వాత కవాతులో చూశాను. అందరి కోట్లకంటే నిటారుగా నిలబడింది ఆ కోటు. లోపల ఎవరున్నారో నాకెందుకు, కోటు నాది."

ఏడు కొట్టగానే అతను లేచాడు. ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. నీళ్లలో నానీ నానీ వేళ్ల చివర్లు ఎప్పటికీ ముడతలుపడి ఉండేవి, ఈ మూడు వారాల్లో అవి సాపయ్యాయి. తెలియనివాళ్ల చెయ్యి పట్టుకున్నట్టుంది.

"వెళ్లు, వెళ్లు. సైన్యం ఆగిపోతుంది నువ్వు లేకపోతే," అందావిడ.

*

ఆఫీసులో లెఫ్టినెంట్ ఫొటు అప్పటికే వచ్చి ఉంది. ఇరవై ఏడేళ్ల అమ్మాయి, న్యూజిలాండ్‌లో శిక్షణ పొంది వచ్చింది. చకచకా నడుస్తుంది, చకచకా మాట్లాడుతుంది, తప్పుంటే ఒప్పుకుంటుంది. ఆ చివరి గుణం వల్ల పై అధికారులకి ఆవిడంటే కొంచెం భయం. సైన్యం చరిత్ర మీద ఒక చిన్న పుస్తకం వేయాలని ఆవిడకి పురమాయించారు. కొట్టేది, మామూలే, కేపుయేలి.

"సార్జెంట్ గారూ, చరిత్ర అయిపోయింది. చార్టొక్కటే మిగిలింది. మీరొకసారి చూడండి, నాకంటే మీకే బాగా తెలుసు."

అతను చూశాడు. చరిత్ర పదకొండు పేజీలు. పెద్ద యుద్ధం మొదలైన ఏడు సైన్యం పుట్టింది. సాలమన్ దీవుల అడవుల్లోకి వెళ్లి పోరాడింది. యుద్ధం అయిపోగానే అందరినీ ఇళ్లకి పంపేశారు. మళ్లీ కొన్నాళ్లకి పోగేశారు. బ్యాండు వచ్చింది, గస్తీ బోట్లు వచ్చాయి. ఎడారి దేశాల్లో పెద్ద దేశాల యుద్ధాలకి మనవాళ్లు కాపలా వెళ్లొచ్చారు. అగ్నిపర్వతం పేలి సముద్రం ఊళ్ల మీదికొచ్చిన ఏడు, సరుకుల పడవ దీవి దీవికీ నీళ్లు మోసింది. అన్నీ నిజమే, ఒక్క తేదీ తప్పు లేదు.

చదువుతున్నంతసేపూ అతనికి ఎందుకో లాండ్రీ తొట్టే కనిపించింది. ఎడారి నుంచి వచ్చినవాళ్ల బట్టల్లోంచి పిండిలాంటి ఇసుక దిగేది, ఎన్ని నీళ్లు మార్చినా అడుగున మిగిలేది. గస్తీ బోటువాళ్లది ఉప్పు. అగ్నిపర్వతం పేలిన ఏడు బూడిద. కలోలైనే అప్పుడు పదహారు రోజులు ఇంటికి రాకుండా, బూడిదకి దగ్గుతూ, మంచినీళ్లే లేని ఊళ్లో సముద్రపు నీళ్లతో ఉతికి, ఎవరి కోటు వాళ్లకి అందించింది. సైన్యం వెళ్లిన చోట్లన్నీ చివరికి ఆ తొట్టెలోకే వచ్చాయి. పదకొండు పేజీల్లో తొట్టె లేదు. ఉంటే నవ్విపోతారు కూడా.

చార్టులో పైన కిరీటం, దాని కింద అధిపతి. అక్కణ్ణించి గీతలు దిగి గడులయ్యాయి. రాజరక్షక దళం, భూదళం, నౌకాదళం, బ్యాండు, శిక్షణ, ఇంజనీర్లు, సరఫరా. ఆరేడు వందల మంది ఒక్క కాగితంలో పట్టేశారు.

"బాగుంది మేడమ్," అన్నాడు. "లాండ్రీ ఎక్కడొస్తుంది?"

"లాండ్రీనా?" ఆవిడ పెన్ను చివర కొరుక్కుంది. "వాళ్లు సిబ్బంది కారుగా. కూలీ పద్ధతి. చార్టులోకి రారు."

"అవును మేడమ్."

"ఎందుకడిగారు?"

అడగడం అతనికి రాదు. ఆర్డర్లు కొట్టే మనిషి, అడిగే మనిషి కాడు. అయినా పొద్దున్న మాటిచ్చాడు కాబట్టి, చేతులు మా మర్యాద ప్రకారం నడుముకి చుట్టుకున్న చాప అంచు మీద పెట్టుకుని, కిటికీకేసి చూస్తూ చెప్పాడు. తన భార్య లాండ్రీలో ముప్పై ఏళ్లు చేసిందనీ, పరిస్థితి బాగాలేదనీ, ఏమైనా అయితే ఏడో అంశంలో ఒక్క వరస వేయించుకోవాలని ఆవిడ కోరిక అనీ. నాలుగు వాక్యాలు. అతను ఆ ఆఫీసులో ఒక్క గుక్కలో అన్ని మాటలు మాట్లాడడం అదే మొదలు.

లెఫ్టినెంటు పెన్ను కింద పెట్టింది. "నాకు చెప్పనే లేదే మీరు! మూడు వారాలుగా రోజూ వస్తున్నారు..."

"సెలవు పెడితే కాగితం ఎవరు కొడతారు మేడమ్?"

"నేను పైన అడుగుతాను. మధ్యాహ్నానికల్లా చెప్తాను."

మధ్యాహ్నం భోజనం వేళకి చెప్పింది, గుమ్మంలో నిలబడే. ముఖం ఎర్రగా ఉంది. "కుదరదన్నారు. పట్టీలో లేని ఒక్కరికి వేస్తే రేపు వంటవాళ్లడుగుతారు, ఎల్లుండి తోటమాలి అడుగుతాడు అంటున్నారు. నేను గట్టిగానే వాదించాను సార్జెంట్ గారూ."

"సరే మేడమ్."

"క్షమించండి."

"పర్లేదు మేడమ్."

అతను నిజంగానే పర్లేదు అనుకున్నాడు. కోపం రాలేదు, బాధా రాలేదు. ఉడికించిన కర్రపెండలం ముక్కలు రెండు తిని, పళ్లెం కడుక్కుని వచ్చి, ఆ రోజు కాగితం మొదలుపెట్టాడు. సాయంత్రం కలోలైనేకి ఏం చెప్పాలా అన్నదొక్కటే మిగిలింది. "అడిగాను" అని చెప్తే చాలేమో. అది అబద్ధం కాదు.

*

మూడు దాటి నాలుగు నిమిషాలకి ఫోను మోగింది. ఆసుపత్రి నుంచి కలోలైనే చెల్లెలు మెలెనైతె.

"బావా."

"ఊఁ."

"అయిపోయింది బావా. ఇప్పుడే. నొప్పేం పడలేదు. నిద్రలోనే..." వెనక ఎవరో కీర్తన అందుకుంటున్నారు. "బావా, వింటున్నావా?"

"వింటున్నాను."

"అక్కకి చుట్టడానికి మంచి బట్ట, అమ్మ ఇచ్చిన నారబట్ట, లాండ్రీలో అక్క పెట్టెలో ఉందట. మొన్న చెప్పింది నాతో. వచ్చేటప్పుడు తీసుకొచ్చెయ్."

"తెస్తాను. కాగితం అయిపోగానే వస్తాను."

ఫోను పెట్టేశాడు. ఎవరికీ చెప్పలేదు. ఆఫీసులో ఫ్యాను తిరుగుతోంది, బయట బ్యాండువాళ్లు ఒకే చరణాన్ని తప్పుగా వాయిస్తూ మళ్లీ మళ్లీ మొదలుపెడుతున్నారు. ఆరో అంశం దాకా అయింది. శిక్షలు లేవు. వేళ్లు మీటల మీద పెట్టాడు. ఏడో అంశం కొట్టాడు. ఒక్క వరస. వేళ్లు ఎక్కడా తడబడలేదు. తెలిసే కొట్టాడా, తెలియక కొట్టాడా అని తర్వాత కొందరు అడిగారు. అతనికే తెలియదు, ఇంకొకరికేం చెప్తాడు.

కాగితం తీసుకెళ్లి లెఫ్టినెంట్ ఫొటు ముందు పెట్టాడు. ఆవిడ చెవి దగ్గర ఫోను ఉంది. కేపుయేలి కొట్టిన కాగితాన్ని చదివి సంతకం పెట్టినవాళ్లు ఆ ఆఫీసులో ఎన్నడూ లేరు. ఆవిడా చదవలేదు.

నాలుగింటికి గేటు దగ్గర పాత కాపలా నలుగురూ కొత్త కాపలా నలుగురూ ఎదురెదురుగా నిలబడ్డారు. శుక్రవారం కాబట్టి అందరూ తెల్లబట్టల్లో ఉన్నారు. కార్పోరల్ సామీసోనీ కాగితం అందుకున్నాడు. చర్చిలో మైకు అక్కర్లేని గొంతు వాడిది.

"ఏంటి సార్జెంట్, ఇవాళైనా నా సెలవు పడిందా లేదా? నాలుగో అంశంలో నా పేరు చూసి చచ్చిపోవాలనుంది!"

"చదువు."

సామీసోనీ గొంతు సవరించుకుని చదివాడు. డ్యూటీ ఆఫీసరు. కాపలా. కవాతు. సెలవుల్లో వాడి పేరు లేదు. మూతి వంకర పెట్టి ముందుకి సాగాడు. జబ్బుపడ్డవాళ్లు ఇద్దరు. శిక్షలు లేవు.

"ఏడు. మరణాలు."

మా భాషలో పోవడం అనే మాట ముందొస్తుంది. పోయిన మనిషి తర్వాత వస్తారు. అందుకని సామీసోనీ కళ్లు ముందు ఆ మాట మీదే పడ్డాయి.

"అస్తమించారు..."

మోకాళ్లు వాటంతట అవే వంగాయి. సామీసోనీ నేల మీద కూర్చున్నాడు. ఎనిమిది మందీ కూర్చున్నారు. తుపాకులు పక్కన పెట్టి, కాళ్లు మడుచుకుని, తలలు దించుకుని, తెల్లటి పగడపు గులక మీద, ఒక్క శబ్దం లేకుండా. రోడ్డున పోతున్న ఒకావిడ గొడుగు మూసి, బుట్ట దించి, కాలవ గట్టునే కూర్చుంది. బ్యాండు ఎప్పుడు ఆగిందో ఆగిపోయింది.

సామీసోనీ మిగిలింది చదివాడు. చదవకుండా ఆపడం వాడికి రాదు.

"...కలోలైనే. లాండ్రీ విభాగం."

గేటు దగ్గర నిలబడి ఉన్నది కేపుయేలి ఒక్కడే. సామీసోనీ తలెత్తి చూశాడు.

"సార్జెంట్? మన లాండ్రీ అత్తా?"

"మూడింటికి."

రాజుగారు కాదని తేలిపోయింది. లేవచ్చు. మామూలుగా అయితే ఇలాంటి పొరపాటుకి పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకోవాలి, ఏడాది పాటు చెప్పుకోవాలి. కానీ ముందుగా లేచేదెవరు? లేచినవాడు "ఓస్, బట్టలుతికే ఆవిడేనా" అన్నట్టే లెక్క. ఎనిమిది మందికీ ఎనిమిది కోట్ల కాలర్లు ఆవిడ చేతిలోంచి వచ్చినవే. పాత కాపలాలో ఒకడు పక్కవాణ్ణి చూశాడు, ఆ పక్కవాడు నేల చూశాడు. ఎవరూ లేవలేదు. రోడ్డు మీది ఆవిడ కూడా, వాళ్లు లేవలేదు కదా అని, అలాగే కూర్చుంది.

కేపుయేలి వాళ్ల పక్కకి నడిచాడు. అతనూ కూర్చున్నాడు.

నిశ్శబ్దం విని లెఫ్టినెంట్ ఫొటు పరుగున వచ్చింది. "ఏమైంది? ఎవరికేమైంది?"

సామీసోనీ కూర్చునే కాగితం అందించాడు. ఆవిడ చదివింది. కింద తన సంతకం చూసుకుంది.

"సార్జెంట్ గారూ, మీరు నాకు చెప్పలేదు."

"కాగితంలో ఉంది మేడమ్."

ఆవిడ పెదవి కొరుక్కుంది. "ఈ మాట తప్పు. మీకు తెలుసు."

"తప్పే మేడమ్. దిద్దుబాటు వెయ్యాలి. రేపటి కాగితంలో, మొదటి అంశం." అతను ఎప్పటి గొంతుతోనే చెప్పాడు. "నిన్నటి ఏడో అంశంలో ఫలానావారి పేరు ముందున్న ఫలానా మాటని ఫలానాగా మార్చి చదువుకోవాలి, అని పూర్తిగా రాయాలి. రూలు అదే. పేరు లేకుండా దిద్దుబాటు చెల్లదు."

అంటే ఆ పేరు ఇంకోసారి పడుతుంది. లెఫ్టినెంటుకి అది అర్థమవడానికి ఒక్క క్షణం పట్టింది. పై అధికారి కుదరదన్న పేరు రెండు రోజులు వరసగా, రెండోసారి అందరికంటే ముందు.

"రేపు మీరు రారు. నేనే కొడతాను."

"పేరు చివర ఏత్వం మేడమ్. చాలామంది మర్చిపోతారు."

"మర్చిపోను." ఆవిడ కాగితాన్ని బోర్డుకి గుచ్చింది, తన చేత్తోనే, నాలుగు మూలలా. తర్వాత కాపలావాళ్ల వైపు తిరిగి, మామూలు గొంతుతో, "డ్యూటీ మారండి," అంది.

అప్పుడు లేచారు, ఒక్కొక్కరే. తుపాకులు అందుకుని వెనక్కి తిరిగారు. ఎనిమిది మందికీ వెనక తెల్లబట్టల మీద గులక ధూళి, మట్టి, ఒకడికి నలిగిన ఆకు పసరు. ఎనిమిది జతలు. సోమవారానికి ఎవరు ఉతుకుతారు ఇవన్నీ, అని తోచింది కేపుయేలికి. అది తోచగానే ఇరవై మూడు రోజులుగా రానిది వచ్చింది. గేటు దగ్గరే, కాపలావాళ్ల ముందే, నోరు తెరిచి ఏడ్చాడు. సామీసోనీ వచ్చి చంకలో చెయ్యేసి లేపాడు. వాడికి మాట రాలేదు. అంత గొంతున్నవాడికి.

*

లాండ్రీ గది తలుపు దగ్గరగా వేసి ఉంది, తాళం లేదు. మూడు వారాలుగా పక్క గదిలో కుర్రపిల్లలెవరో నామమాత్రంగా నడిపిస్తున్నారు, ఈ గదిలోకి ఎవరూ వచ్చినట్టు లేదు. తొట్టెలు ఎండిపోయి ఉన్నాయి. సోడా వాసన, దాని కింద ఇంకా పోని ఆవిడ కొబ్బరినూనె వాసన. కేపుయేలి పెళ్లయ్యాక ఈ గదిలో అడుగుపెట్టింది మూడుసార్లో నాలుగుసార్లో. అతని కోటు ఇంటికే వచ్చేది కాబట్టి అతనికి ఇక్కడ పని పడలేదు.

పెట్టె కిటికీ కింద ఉంది. మూత ఎత్తాడు. నారబట్ట మడతలు పైనే ఉన్నాయి, గోధుమ, నలుపు గీతలతో, అత్తగారు చెట్టుబెరడు కొట్టి తయారుచేసింది. రెండు చేతులా ఎత్తి భుజం మీద వేసుకున్నాడు. అనుకున్నదానికంటే బరువుగా ఉంది. దాని కింద పెట్టె నిండా కాగితాలు, దొంతరలుగా, పురికొసతో కట్టి.

ఒక కట్ట తీసి చూశాడు. అతను కొట్టినవే. రోజువారీ ఆర్డర్లు. మర్నాటికి ఎవరికీ అక్కర్లేదని బోర్డు మీంచి పీకి పారేసేవి. పాతవి టైపు మిషను మీద కొట్టినవి, కొత్తవి కంప్యూటరువి. ప్రతి కాగితం మీదా ఒక్కటే మచ్చ. కాసేపు అర్థం కాలేదు. తర్వాత ఇస్త్రీపెట్టె మొన ఆకారం తెలిసింది. వేడెంతుందో తెల్లకోటు మీద పెట్టి చూడకూడదు, పాత కాగితం మీద పెట్టి చూడాలి. ముప్పై ఏళ్లు అతను ఒక్క అక్షరం తప్పు పోకుండా కొట్టిన ప్రతి కాగితాన్నీ ఆవిడ తెచ్చుకుని, కాల్చి చూసుకుని, పారేయకుండా దాచుకుంది. చదివిందో లేదో అతనికి తెలియదు. ఎప్పుడూ అడగలేదు. అడిగుంటే ఏదో ఒకటి అని నవ్వించేది.

కట్టని తిరిగి పెట్టెలో పెట్టి మూత వేశాడు. ఆసుపత్రిలో వాళ్లు ఎదురుచూస్తూ ఉంటారు. భుజం మీది బట్ట జారకుండా ఎగదోసుకుని, తలుపు దగ్గరికి లాగి, వెళ్లిపోయాడు.

కిటికీలోంచి పడుతున్న సాయంత్రపు ఎండలో, ఇస్త్రీ బల్ల మీద, మూడు వారాల కిందట ఆవిడ ఇక్కడే కిందపడిపోయిన రోజు నాటి కాగితం ఒకటి, మధ్యలో అరచేతి మేర గోధుమరంగు మచ్చతో, అలాగే ఉండిపోయింది.